అవ్వ తాగే తెల్లసొన

మల్లేశన్నకు చెల్లెలు సరూప నమస్కారాలు.

నువ్వు, రేణుక వదిన, పిల్లలు, అవ్వ అందరూ వేళకు తింటూ, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ ఎప్పటిలాగే ఉన్నారని అనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. నా ఒంటికి ఏ నలతా లేదు. మనసు సంగతి నిదానంగా రాస్తాను. చేతిలో ఫోన్ ఉండగా ఈ పిల్లకు ఉత్తరం రాసే పిచ్చి ఎందుకు పట్టిందని నువ్వు వదినతో అనే ఉంటావు. ఎందుకు రాస్తున్నానో నీకు బాగా తెలుసు. పోయిన ఆదివారం ఫోన్‌లో నువ్వు నా మాట సగంలో కోసేశావు. ఉత్తరాన్ని సగంలో కోయలేవు కదా. పైగా అవ్వకు ఫోన్‌లో చెప్పిన మాట గాలి మాట. కాయిదం మీద రాసిందంటే ఆమెకు తిరుగులేని పట్వారి రాత. అందుకే కాయిదం మీద రాస్తున్నాను.

ముందు నా సంగతులు. లేకపోతే ఇది కూడా తిట్టడానికే రాశాననుకుంటావు.

జపాన్‌లో ఇప్పుడు చలి మొదలైంది. మన దగ్గర చలి పొద్దున వచ్చి ఎండ పడగానే పోతుంది. ఇక్కడి చలి ఇంట్లో మనిషిలా కూర్చుంటుంది. పొద్దున గోరువెచ్చని నీళ్ళతో మొహం కడుక్కొని, రెండు స్వెటర్లు వేసుకొని, సైకిల్ మీద ల్యాబ్‌కు పోతాను. దారిలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళ పద్ధతి అంతే. కానీ నకిరేకల్ బస్టాండులో పక్కన కూర్చున్న మనిషి "ఏ ఊరు బిడ్డా, ఎవరి పిల్లవు" అని అడిగి, మన మూడు తరాల ముచ్చట తీస్తుంది చూడు, దాని కోసం ప్రాణం కొట్టుకుంటుంది. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి నన్ను ఎవరి పిల్లవని ఎవరూ అడగలేదు.

తిండికి లోటు లేదు, నిజంగా లేదు, అవ్వకు ఈ మాట రెండుసార్లు చదివి చెప్పు. అన్నం జిగటగా, ముద్దగా ఉంటుంది. కారం అన్న మాటే లేదు. తెచ్చుకున్న జొన్నపిండి అయిపోయింది. చివరి రొట్టె కొట్టిన రోజు ఆ చప్పుడుకు కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ ఏదో పగిలిందని పైకి పరుగెత్తి వచ్చింది. పెద్దావిడ, ఒక్కతే ఉంటుంది. పెనం మీద రొట్టె చూసి చప్పట్లు కొట్టింది. సగం ఆమెకు ఇచ్చాను. మిగతా సగం పచ్చిమిరపకాయ తొక్కు లేకుండా తింటే దుఃఖం వచ్చింది. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే జొన్నపిండి, చింతకాయ తొక్కు పంపించండి. పోస్టులో మాత్రం పంపకండి, పోయినసారి తొక్కు కారి పార్సిల్ అంతా కంపు కొట్టింది.

ఆ ఓనరమ్మ మర్నాడు నన్ను పొద్దున తిండికి పిలిచింది. వేడివేడి అన్నం గిన్నెలో వేసి, పచ్చిగుడ్డు పగలగొట్టి దాని మీద వేసి, నల్లటి సోయా పులుసు నాలుగు చుక్కలు పోసి కలిపి ఇచ్చింది. ఇక్కడ ఇది మామూలు తిండి. నాకైతే గుడ్డు పగిలిన చప్పుడు వినగానే మన వాకిలి కళ్ళ ముందుకు వచ్చింది. గుర్తుందా అన్నా, పరీక్షలప్పుడు అవ్వ మనిద్దరినీ పొద్దున్నే లేపి, నాటుకోడి గుడ్డుకు పైన చిల్లు పెట్టి, నోట్లో వంచేది. ఇంత మిరియాల పొడి చల్లేది. "మింగు, వాసన సూడకు, మింగు" అనేది. నువ్వు కక్కేవాడివి. నేను గుటుక్కున మింగి, ఫస్టు వచ్చేదాన్ని. అందుకే ఫస్టు వచ్చానని అవ్వ ఇప్పటికీ నమ్ముతుంది. అమ్మానాయినలు పోయాక మనల్ని సాకింది ఆ కోళ్ళూ, ఆ గుడ్లే కదా. ఓనరమ్మ ఇచ్చిన అన్నం మొత్తం తిన్నాను. బాగుంది కూడా.

ఇప్పుడు పని సంగతి. నేనేం చేస్తానో నీకు ఎన్నిసార్లు చెప్పినా "ఏదో గుడ్ల పని" అని ఊళ్ళో చెబుతావట. సరే, గుడ్ల పనే. గుడ్డు తెల్లసొనలో అవిడిన్ అనే ప్రొటీన్ ఒకటి ఉంటుంది. దాని ఆకారం ఎలా ఉంటుంది, అది దేన్ని ఎలా పట్టుకుంటుంది అని చూడటమే నా చదువు. మొదట్లో దాన్ని గుడ్ల నుంచే తీసేవాళ్ళం. పెద్ద పెద్ద ట్రేల గుడ్లు పగలగొట్టి, తెల్లసొన ఒక బకెట్‌లోకి, పచ్చసొన ఇంకో గిన్నెలోకి. అవ్వ చూసి ఉంటే నన్ను చీపురుకట్ట తిరగేసి కొట్టేది. పచ్చసొన పారేయబుద్ధి కాక మా మేడమ్ దానితో ల్యాబ్ అందరికీ అట్లు వేసి పెట్టేది. మా మేడమ్ అంటే నాకు చదువు చెప్పే ప్రొఫెసర్. నెమ్మదైన మనిషి.

ఆ ప్రొటీన్‌ను శుభ్రం చేసి, చిన్న చుక్కగా పెట్టి, ఉప్పు నీళ్ళు కలిపి వదిలేస్తే, అదృష్టం ఉంటే, కొన్నాళ్ళకు పటికబెల్లం పలుకుల్లాగా స్ఫటికాలు కడతాయి. కంటికి ఆనవు, సూక్ష్మదర్శినిలో చూడాలి. వాటిని మంచుకంటే చల్లగా గడ్డకట్టించి, కొండల మధ్య గుండ్రంగా కట్టిన ఒక పెద్ద యంత్రం దగ్గరికి తీసుకుపోయి, వాటి మీద ఎక్స్‌రే కొడతాం. దవాఖానలో ఎముక కనపడినట్టు అందులో ఆ ప్రొటీన్ లోపలి కట్టుబడి తేలుతుంది. నేను మొదటిసారి దాన్ని కంప్యూటర్ మీద తిప్పి చూసినప్పుడు నాకు మన గుమ్మి గుర్తుకు వచ్చింది. వడ్లు పోసే వెదురు గుమ్మి లేదూ, అలాగే పట్టీలు పక్కపక్కన అల్లుకొని గుండ్రంగా చుట్టుకొని ఉంటాయి. నడుమ ఖాళీ. అలాంటి గుమ్ములు నాలుగు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. బయోటిన్ అనే విటమిన్ వచ్చి ఆ ఖాళీలోకి దిగిందంటే, పైన ఒక మడత మూతలాగా వచ్చి పడుతుంది. అది చాలదన్నట్టు పక్క గుమ్మి నుంచి ఒక చెయ్యి చాచుకొచ్చి ఆ విటమిన్‌ను ఇటు నుంచి నొక్కి పట్టుకుంటుంది. ఇక వదలదు. ప్రకృతిలో ఇంత గట్టి పట్టు ఇంకోటి దొరకడం కష్టమని మేడమ్ అంటుంది. ఆ మూత దగ్గర చిన్న మార్పు చేసి, పట్టు ఎంత సడలుతుందో చూడటం నా పని. ఇప్పటిదాకా పెద్దగా సడలలేదు.

కోడి దాన్ని గుడ్డులో ఎందుకు పెట్టిందంటే పిల్ల కోసమట. పెంకు దాటి క్రిములు లోపలికి వస్తే వాటికి కావలసిన బయోటిన్ దొరకకుండా ఇది పట్టేసుకుంటుంది. క్రిములు మాడిపోతాయి, పిల్ల బతుకుతుంది. మంచి కాపలాదారే. కానీ ఆ కాపలాదారుకు క్రిమి ఎవరో, మనిషి ఎవరో తెలియదన్నా. ఇదే నేను ఫోన్‌లో చెప్పబోతే నువ్వు కోసేసిన మాట.

ఆ ఆదివారం ఏం జరిగిందో నీకు వదిన పూర్తిగా చెప్పి ఉండదు. వీడియో కాల్‌లో అవ్వ వాకిట్లో మంచం మీద కూర్చుంది. కొంగు నెత్తి మీదుగా బిగించి కప్పుకుంది. చలి పెడుతోందేమో అనుకున్నాను. అంతలో మన కుక్క రాజు గాడు ఆమె మీదికి ఎగబడి కొంగు లాగేశాడు. అప్పుడు కనపడింది అవ్వ నెత్తి. నేను వచ్చేటప్పుడు ఇంత సిగ ఉండేది. ఇప్పుడు నడినెత్తిన బోడి. నోటి చుట్టూ, కళ్ళ కింద తోలు ఎర్రగా పొట్టు లేస్తోంది. ఆమె గబగబా కొంగు కప్పుకొని "ముసల్దాన్ని, ఎంటికలు ఉంటే ఎంత ఊడితే ఎంత" అని నవ్వింది. ఆ పక్కనే రాజు గాడు నిగనిగలాడుతూ నిలబడ్డాడు. నూనె పూసినట్టు వాడి బొచ్చు మెరుస్తోంది. అప్పుడు నాకు వాడి మీద ఎంత కోపం వచ్చిందో.

వదినను గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. కొన్ని నెలలుగా ఇలాగే ఉందట. కాళ్ళలో చీమలు పారినట్టు ఉంటోందట, పొద్దంతా నీరసమట. ఒకసారి దవాఖానకు తీసుకుపోతే వయసు మీద పడిందని చెప్పి పూతకు మలాం రాసిచ్చారట. ఊళ్ళో వాళ్ళేమో నీళ్ళ వల్ల అన్నారట. మనం నల్లగొండోళ్ళం గదా, కాలు నొప్పి లేచినా, పన్ను ఊడినా ఫ్లోరైడ్ నీళ్ళ మీదికే నెడతాం. నిజమే, ఆ నీళ్ళు మనల్ని తక్కువ పాడు చేయలేదు. కానీ జుట్టు ఊడటం, నోటి చుట్టూ పొట్టు లేవడం నీళ్ళ పని కాదు.

తిండి ఏం తింటోందని అడిగాను. పళ్ళు పోయినప్పటి నుంచి జావే ఎక్కువట. దానికి తోడు గుడ్లు. మన ఆరెంపీ డాక్టర్ బీపీ చూసి పచ్చసొన వద్దన్నాడట, కొవ్వు అని. ఉడికిస్తే బలం నీళ్ళలో పోతుందని అవ్వ పాత నమ్మకం. ఈ రెండు మాటలూ కలిపి ఆమె తన సొంత వైద్యం కనిపెట్టింది. రోజూ కోళ్ళు పెట్టిన గుడ్లన్నీ గ్లాసులో పగలగొట్టి, తెల్లసొన పచ్చిగానే తాగేస్తుంది. పచ్చసొనంతా రాజు గాడి గిన్నెలోకి. ఆ మాట వినే, నీకు ఫోన్ ఇమ్మని వదినను అడిగాను.

అన్నా, ఆ తెల్లసొనలో నేను పైన రాసిన గుమ్మి ఉంది. అవ్వ తిన్న తిండిలోని బయోటిన్‌ను కడుపులోనే పట్టుకొని, ఒంటికి అందనివ్వకుండా బయటికి తీసుకుపోతోంది. ఆ బయోటిన్ లేకపోతే జుట్టు ఊడుతుంది, తోలు పొట్టు లేస్తుంది, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఇక పచ్చసొనలో బయోటిన్ దండిగా ఉంటుంది. అది కుక్కకు పోతోంది. నీకు నమ్మకం లేకపోతే ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసుకో. మా ఓనరమ్మ పచ్చిగుడ్డు తింటుంది కదా మరి అంటావేమో. ఆమె ఎప్పుడో ఒక గుడ్డు, పచ్చసొనతో సహా, అన్నంతో తింటుంది. చిన్నప్పుడు మనం తాగిందీ అంతే. అవ్వ తాగుతున్నది వేరు.

మర్నాడు మేడమ్‌కు చెప్పాను. ఆమె సూటిగా నా కళ్ళలోకి చూసి, పచ్చి తెల్లసొన ఎక్కువగా, చాలాకాలం తాగినవాళ్ళకు ఇలా అవుతుందని ఎప్పటి నుంచో తెలిసిన సంగతేనని చెప్పింది. మీ అవ్వకు అదే అయిందని మనం ఇక్కడ కూర్చొని తేల్చకూడదు, ముందు డాక్టర్‌కు చూపించమని కూడా అంది. నేనూ అదే చెబుతున్నాను. నేను డాక్టర్‌ను కాను. నల్లగొండలో తోలు డాక్టర్ దగ్గరికి తీసుకుపో. పచ్చి తెల్లసొన సంగతి దాచకుండా చెప్పు. బయోటిన్ గోళీలు మామూలు మందుల షాపులో దొరుకుతాయి, ఆయన రాసిస్తే వేయించు. గుడ్డు మానమని నేను అనడం లేదు. వేడి తగిలితే ఆ అల్లిక విడిపోతుంది, పట్టు పోతుంది, ఆ తర్వాత అది ఉత్త బలమైన తిండే. కాబట్టి లోపల గట్టిపడేదాకా ఉడికించాలి. పళ్ళు లేవు కాబట్టి మెత్తగా నలిపి, ఉప్పు వేసి, జావలో కలిపి పెట్టమను. పచ్చసొన ఎంతవరకు తినవచ్చో బీపీ చూసే డాక్టర్‌ను అడుగు. ఆరెంపీని అడగకు.

నువ్వు ఫోన్‌లో అన్నమాట నాకు గుచ్చుకుంది. "తాత ముత్తాతల నాటి సంది తాగుతున్నరు, నువ్వు నాలుగు పుస్తకాలు సదివి మాకు తిండి నేర్పుతవా?" అన్నావు. పొద్దంతా నిమ్మకాయల బస్తాలు ట్రాలీ ఆటోకు ఎత్తి దింపి అలసిపోయి వచ్చావు, నేను కూడా ఆ సమయంలో అరిచాను. పోనీలే. నీకు నా మీద కోపం ఉండనీ, అవ్వను మాత్రం ఈ వారమే తీసుకుపో.

ఇంకొకటి. దీనికి వదినను ఏమీ అనవద్దు. నువ్వు ఫోన్ పెట్టేశాక ఆమె బయటికి పోయి మళ్ళీ చేసింది. అన్ని గుడ్లు తాగడం ఎందుకు అవ్వా అని తాను ఒకరోజు అడిగితే అవ్వ ఏం చెప్పిందో నాకు చెప్పింది. ఆ మాట విన్నాకే నేను ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. రాసి చించి, మళ్ళీ రాస్తున్నాను.

పిల్లలకు ముద్దులు. నకిరేకల్‌లో చిన్నమ్మకు, ఆలేరులో మేనమామకు నా దండాలు చెప్పు. వదిన నడుము నొప్పి తగ్గిందా, రాయండి. ఇక్కడి నుంచి అవ్వకు. మంచం మీద కూర్చోబెట్టి, కుడి చెవి దగ్గర, నిదానంగా చదువు. నువ్వు మధ్యలో నీ మాటలు కలపకు.

అవ్వా, నేను సరూపను. తిన్న. మంచిగున్న. సలికి స్వెటర్ ఏసుకున్న. నువ్వు అడిగేవి గివ్వే గదా, ముందుగాలనే చెప్తున్న.

రేణుక వదిన నాకు అంత చెప్పింది. వదినను తిట్టకు. "పోరి వాపసొచ్చేదాంక నా పాణం నిలవాలె, అందుకే తాగుతున్న, నాకు గీ నీసు వాసన ఇష్టమా" అన్నవంట. గా మాట ఇన్నంక నేను పని ఇడిసిపెట్టి బయటికి పోయి ఏడ్సిన అవ్వా. గీ దేశంల నన్ను ఎవరూ అడుగరని ఇన్నొద్దులు కుములుకుంట ఉన్న. నువ్వేమో పొద్దున్నే లేసి, నా కోసం ముక్కు మూసుకొని గ్లాసెడు తాగుతున్నవ్. నాకు ఎరుకనే లేకపాయె.

నీ మీద కోపం లేదు. గుడ్డుల దాగి ఉన్నదాన్ని ఎవరు చూసిండ్రు? బడికి పోయినోళ్ళకే శానమందికి తెల్వదు. నువ్వు బలమనే తాగినవ్. కానీ అవ్వా, పచ్చిగ తాగితే అది నీ బలాన్ని పట్టుకొని ఇడుస్తలేదు. ఉడుకవెడితే ఇడుస్తది. బలం నీళ్ళల్ల పోదు, నా మీద ఒట్టు. నేను గిన్నేండ్లు గీ ఒక్క ముచ్చటనే సదివిన. ఊళ్ళె ఎవ్వరి మాట ఇనకున్నా సరే, నా మాట ఇను.

నేనెప్పుడొస్తనో నాకు తెల్వదు. నీకు అబద్ధం చెప్ప. సదువు ఒడువలే, ఇంకా ఎన్నొద్దులు వడ్తదో మా మేడమే చెప్తలేదు. నాకు ఒక్కోనాడు అన్నీ పారేసి ఇమానం ఎక్కాలనిపిస్తది. నీ పక్కల పండి, నీ చెయ్యి నా మీద ఏసుకోవాలనిపిస్తది. ఎక్కలేను. గందుకే నువ్వుండాలె. నేను వచ్చినంక నువ్వు లేకుంటే, నేను ఎవరి పిల్లనని చెప్పుకోవాలె?

నా కోసమని తాగినవ్ గదా. నా కోసమే ఆపు. రేపు పొద్దుగాల గ్లాసు ముట్టకు. వదిన ఉడుకవెట్టి, మెదిపి ఇస్తది, ఉప్పేసుకొని తిను. తిన్నంక నాకు ఫోన్ చెయ్యమను. ఎప్పటి లెక్క "సల్లగుండు బిడ్డా" అని దీవెనార్తి పెట్టకు. "తిన్న బిడ్డా" అను, ఒక్కసారి. నాకు గదే దీవెన.

నీ కాళ్ళు మొక్కుతున్న,
నీ మనుమరాలు
సరూప